డ్రాగ్ నైఫ్‌తో అక్షరాలు కోస్తే మూలలు గుండ్రబడుతున్నాయి: టూల్‌పాత్ ఎలా రాయాలి?

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. బరంపురంలో మాకు బోర్డులు, స్టికర్లు తయారుచేసే దుకాణం ఉంది. ఈ ఊళ్లో ఒకే బోర్డు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ సర్దవలసి రావడం మామూలే కనుక, మా కోతపనిలో కోణాలున్న అక్షరాలూ పూర్తిగా గుండ్రంగా ఉండే అక్షరాలూ పక్కపక్కనే వస్తుంటాయి. రేడియం స్టికర్ల వరకు ప్లాటరు సరిపోతోంది. అయితే దాని వెడల్పు రెండడుగులే కావడం వల్ల, పెద్ద స్టెన్సిళ్లనూ 3 మి.మీ. సన్‌బోర్డు (రెండు కాగితాల మధ్య ఫోమ్ ఉన్న అట్ట) అక్షరాలనూ సీఎన్‌సీ రౌటరు (కంప్యూటరు ఆదేశాలతో కోసే యంత్రం) మీదనే కోయాలన్న ఉద్దేశంతో, స్పిండిల్ కోలెట్‌లో (బిట్టును పట్టి ఉంచే పట్టులో) బిగించే డ్రాగ్ నైఫ్, అంటే లాగిన దిక్కుకు తనంతట తానే తిరుగుతూ వెనకాల ఈడ్చుకొచ్చే కత్తి, ఒకటి తెప్పించాము. యంత్రం మాక్3 అనే నియంత్రణ సాఫ్ట్‌వేరుతో నడుస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో నిలువు గీత అడ్డగీతను కలిసే ప్రతి మూలా గుండ్రంగా వస్తోంది, ఆ తరువాతి గీత కూడా కొంతదూరం వంకరగా సాగి అప్పుడు దారిలో పడుతోంది. తెలుగు, ఒడియా అక్షరాల్లో మూలలు లేవు గనుక అవి బాగా వస్తాయనుకున్నాము గానీ, సున్నలు, ఒత్తుల్లోని చిన్న చుట్లు గీసిన కొలత కన్నా చిన్నవిగా వస్తున్నాయి, చుట్టు మొదలైన చోటా ముగిసిన చోటా కలవడం లేదు. ఇవి కాక, ప్రతి అక్షరం మొదట్లో కత్తి దిగిన చోట ఒక అడ్డదిడ్డమైన గాటు పడుతోంది. క్యామ్ సాఫ్ట్‌వేరులో (గీసిన బొమ్మను యంత్రపు కదలికలుగా మార్చేది) మామూలు ప్రొఫైల్ టూల్‌పాత్‌నే, అంటే గీత వెంట టూలు నడిచే దారినే, టూలు వ్యాసం అతి తక్కువగా ఇచ్చి వాడుతున్నాము. నైఫుతో వచ్చిన కాగితంలో బ్లేడు ఆఫ్‌సెట్ 3 మి.మీ. అని ఉంది, ఆ అంకెను ఎక్కడ ఇవ్వాలో మాకు కనబడలేదు. దీనికి వేరే సాఫ్ట్‌వేరు కొనక తప్పదా? 3 మి.మీ. సన్‌బోర్డులో ఎంత చిన్న అక్షరం వరకు ఆశించవచ్చు? ఠాకురాణి యాత్ర ఉన్న సంవత్సరంలో ఇక్కడ స్టెన్సిళ్ల పని ఒక్కసారిగా మీద పడుతుంది కాబట్టి, అంతకు ముందే దీన్ని తేల్చుకోవాలని రాస్తున్నాను.

జవాబు (రాయగడ నుంచి)

నమస్కారమండీ. నేను అక్షరాలు కోసేవాణ్ని కాదు. మా వర్క్‌షాపులో పంపులకూ పైపు ఫ్లాంజిలకూ రబ్బరు, కార్కు గ్యాస్కెట్లు డ్రాగ్ నైఫుతోనే కోస్తాము. పని వేరైనా చిక్కు ఒకటే కనుక వివరంగా రాస్తున్నాను.

మీరు చెప్పిన లోపాలన్నిటికీ మూలం ఒక్కటే. యంత్రానికి తెలిసినది స్పిండిల్ మధ్యరేఖ ఎక్కడుందన్నది మాత్రమే, కోసేదేమో ఆ మధ్యరేఖకు 3 మి.మీ. వెనుక ఈడ్చుకుంటూ వచ్చే బ్లేడు మొన. కాగితంలో ఆఫ్‌సెట్ అన్నది ఈ దూరాన్నే. తిన్నని గీత మీద ఈ తేడా కనబడదు, ఎందుకంటే మొన అదే గీత మీద కాస్త వెనుకగా వస్తుంది. దిశ మారిన క్షణం నుంచే తేడా బయటపడుతుంది. మధ్యరేఖ మూల దగ్గర 90 డిగ్రీలు తిరిగి కొత్త దారిలో సాగుతుంటే, మొన ఇంకా మూలకు 3 మి.మీ. ఇవతలే ఉండి, అక్కడి నుంచి మూలను అడ్డంగా కోసుకుంటూ కొత్త దారిలోకి చేరుతుంది. గొలుసు గడియారాన్ని బల్ల మీద పెట్టి గొలుసు కొసను బల్ల అంచు వెంట లాగితే గడియారం ఏ వక్రాన్ని గీస్తుందని 17వ శతాబ్దంలో క్లాడ్ పెరో అడిగిన ప్రశ్న ఇదే, హైగెన్స్ 1693లో దాని మీద పనిచేశాడు. ఆ వక్రానికి ట్రాక్ట్రిక్స్ అని పేరు.

ఆ వక్రం లెక్క మనకు నేరుగా పనికొస్తుంది. 90 డిగ్రీల మలుపు తరువాత మధ్యరేఖ ఆఫ్‌సెట్ అంత దూరం, అంటే మీ విషయంలో 3 మి.మీ., నడిచేసరికి బ్లేడు ఇంకా దాదాపు 40 డిగ్రీల వాలులోనే ఉంటుంది. దానికి నాలుగింతలు, అంటే 12 మి.మీ. నడిచాక ఆ వాలు 2 డిగ్రీలకు దిగుతుంది, మొన గీతకు సుమారు 0.1 మి.మీ. దూరంలో ఉంటుంది. గీత నిడివి 15 మి.మీ. ఉన్న అక్షరంలో దాదాపు గీత అంతా ఈ వంకరలోనే గడిచిపోతుందన్నమాట. మీ ప్లాటరులో ఇదే దోషం ఎందుకు కనబడదంటే, స్టికరు బ్లేడ్ల ఆఫ్‌సెట్ సాధారణంగా 0.25 మి.మీ. మాత్రమే, పైగా ప్లాటరే దాన్ని లోపల సరిదిద్దుకుంటుంది. రౌటరుకు అలాంటి తెలివి లేదు గనుక సవరణను మనమే టూల్‌పాత్‌లో రాసి ఇవ్వాలి.

ఆ సవరణ సూత్రం చిన్నది. మొన ఎక్కడ ఉండాలో ఆ బిందువు నుంచి, బ్లేడు సాగుతున్న దిశలో ఆఫ్‌సెట్ అంత దూరం ముందు మధ్యరేఖ ఉండాలి. కాబట్టి మూల వచ్చినప్పుడు మధ్యరేఖ మూల దగ్గర ఆగకుండా ఇంకో 3 మి.మీ. ముందుకు పోవాలి, అప్పుడు మొన సరిగ్గా మూలకు చేరుతుంది. ఆ తరువాత మూలను కేంద్రంగా, 3 మి.మీ. వ్యాసార్ధంతో ఒక ఆర్క్ తిరగాలి. అది తిరుగుతున్నంతసేపూ మొన మూలలోనే నిలిచి బ్లేడు మాత్రం కొత్త దిశకు తిరుగుతుంది. ఆపైన కొత్త గీత మొదలవుతుంది. సున్నా, సున్నా దగ్గర మొదలై గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరిగే 50 మి.మీ. చదరాన్ని తీసుకుంటే, యంత్రానికిచ్చే జీకోడ్ ఆదేశాల్లో (జీ1 తిన్నని గీత, జీ2, జీ3 ఆర్కులు, ఐ, జే ఆర్క్ కేంద్రం ఉన్న చోటు) మొదటి భుజానికి జీ1 ఎక్స్53 వై0 అనీ, మూలకు జీ3 ఎక్స్50 వై3 ఐ-3 జే0 అనీ, రెండవ భుజానికి జీ1 ఎక్స్50 వై53 అనీ, తరువాతి మూలకు జీ3 ఎక్స్47 వై50 ఐ0 జే-3 అనీ వస్తాయి. మలుపు ఎడమకైతే జీ3, కుడికైతే జీ2. అక్షరం ఎంత పెద్దదైనా లెక్క ఇంతే.

గుండ్రని గీతలకు ఇదే సూత్రం మరో రూపంలో వస్తుంది. మొన గీయవలసిన వృత్తపు వ్యాసార్ధం వర్గానికి ఆఫ్‌సెట్ వర్గాన్ని కలిపి వర్గమూలం తీస్తే మధ్యరేఖ తిరగవలసిన వ్యాసార్ధం వస్తుంది, కేంద్రం మారదు. మొన 4 మి.మీ. వ్యాసార్ధపు సున్నను కోయాలంటే, 3 మి.మీ. ఆఫ్‌సెట్‌తో మధ్యరేఖ 5 మి.మీ. వ్యాసార్ధంలో తిరగాలి. సవరణ లేకుండా నడిపితే లెక్క తిరగబడి, వృత్తం ఎప్పుడూ చిన్నదవుతుంది. 12 మి.మీ. బోల్టుకు 14 మి.మీ. రంధ్రం పెట్టాలని 7 మి.మీ. వ్యాసార్ధంతో నడిపితే రంధ్రం సుమారు 12.6 మి.మీ. మాత్రమే వస్తుంది, అదే గ్యాస్కెట్ బయటి అంచు 120 మి.మీ. వ్యాసం ఉంటే తేడా 0.15 మి.మీ. దాటదు. మీ పెద్ద అక్షరాలు బాగానే కనిపిస్తూ ఒత్తుల్లోని చుట్లు మాత్రం కుంచించుకుపోవడానికి కారణం ఇదే. నిజం చెప్పాలంటే మేము బోల్టు రంధ్రాలను కత్తితో కోయడం మానేసి పంచ్‌తో కొడతాము, అది వేరే సంగతి.

మొదట్లో పడుతున్న గాటుకు కారణం, కత్తి దిగేటప్పుడు బ్లేడు ఎటు చూస్తోందో యంత్రానికి తెలియకపోవడం. అది ముందరి అక్షరం ముగిసిన దిశలోనే నిలిచి ఉంటుంది. కాబట్టి టూల్‌పాత్ రాసేటప్పుడు ఆ పాత దిశను గుర్తుపెట్టుకోవాలి. కొత్త ఆరంభ బిందువు నుంచి పాత దిశలో 3 మి.మీ. ముందు మధ్యరేఖను నిలిపి, మొనను షీటు మీద పైపైన ఆనించి, ఆ బిందువు చుట్టూ ఆర్క్ తిప్పి బ్లేడును కొత్త దిశకు తెచ్చి, అప్పుడు పూర్తి లోతుకు దింపాలి. ఫైలులోని మొట్టమొదటి అక్షరానికి పాత దిశ అనేది ఉండదు గనుక, షీటు అంచున పనికిరాని భాగంలో ఒక తిన్నని గీత గీసి బ్లేడును తెలిసిన దిశకు తెచ్చుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బ్లేడు సరిగ్గా వెనక్కు తిరిగి ఉంటే, ఎదురుగా నెట్టినా అది తిరగకపోవచ్చు, తిరిగినా ఆలస్యంగా తిరుగుతుంది. అందుకని ఆ తుక్కు గీతను ఒకే దిశలో కాకుండా, ముందు ఎక్స్ వైపు కొంత, ఆపై వై వైపు కొంత గీయడం క్షేమం. ఒక్కో గీత ఆఫ్‌సెట్‌కు ఎనిమిది పదింతల నిడివి ఉంటే చాలు.

చివరగా, కాగితంలో ఉన్న 3 మి.మీ. అంకెను అలాగే నమ్మవద్దు. తుక్కు షీటు మీద మధ్యరేఖను ఎడమ నుంచి ఎక్స్50 వరకు లాగి కత్తిని ఎత్తండి. తరువాత అదే గీత మీద కుడివైపు దూరం నుంచి ఎదురుగా ఎక్స్50 వరకే లాగి ఎత్తండి. రెండు కోతల కొసల మధ్య కోయకుండా మిగిలిన ఖాళీని వెర్నియరుతో కొలిచి సగం చేస్తే అదే మీ అసలు ఆఫ్‌సెట్. లోతు తక్కువగా పెట్టి గీస్తేనే కొలత సరిగా వస్తుంది.

జవాబు (పర్లాకిమిడి, గజపతి జిల్లా నుంచి)

రాయగడ మిత్రులు లెక్కను చక్కగా చెప్పారు. మీది మాక్3 అన్నారు కాబట్టి, ఆ లెక్క సరిగానే ఉన్నా పని చెడగొట్టగల విషయాలు కొన్ని కలుపుతాను.

మధ్యరేఖ తిన్నని గీత నుంచి ఆర్క్‌లోకి వెళ్లేచోట, ఆర్క్ నుంచి మళ్లీ గీతలోకి వచ్చేచోట కూడా దాని దారి 90 డిగ్రీలు మలుపు తిరుగుతుంది. మాక్3 సాధారణంగా కాన్‌స్టంట్ వెలాసిటీ పద్ధతిలో, అంటే జీ64లో, నడుస్తూ వేగం తగ్గకుండా ఉండటానికి ఇలాంటి మలుపులను గుండ్రంగా కోసేస్తుంది. అప్పుడు మీరు ఎంత శ్రమపడి రాసిన ఆర్క్ కూడా దాని కేంద్రం చుట్టూ సరిగా తిరగదు, మొన మూలలో నిలవదు. ఫైలంతా జీ61 పెడితే ప్రతి చిన్న గీత దగ్గరా ఆగి ఆగి యంత్రం కుదుపులతో నడుస్తుంది. దానికి బదులు జనరల్ కాన్ఫిగ్‌లో ఫలానా కోణం దాటితే కాన్‌స్టంట్ వెలాసిటీని ఆపమనే అమరిక ఉంది, అక్కడ 90కి తక్కువైన ఏదో ఒక కోణం, 60 అనుకోండి, ఇస్తే మూలల దగ్గర మాత్రమే ఆగుతుంది. ఐ, జే విలువలు ఆరంభ బిందువు నుంచి లెక్కించినవని చెప్పడానికి ఫైలు మొదట్లో జీ91.1 ఉంచండి. మాక్3లో ఐజే మోడ్ అబ్సొల్యూట్‌లో ఉండిపోతే మీ 3 మి.మీ. ఆర్కులు తెర మీద బండి చక్రాలంత కనిపిస్తాయి, యంత్రం కూడా వాటినే తిరగబోతుంది. మాక్3 బదులు జీఆర్‌బీఎల్ అనే నియంత్రణ ప్రోగ్రాము వాడేవారు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కడ మూలలు గుండ్రబడే బాధ లేదు గానీ, అంకెలను దశాంశం తరువాత రెండు స్థానాలకే కుదిస్తే చిన్న ఆర్కుల ఆరంభ, అంత్య వ్యాసార్ధాలు కలవక ఎర్రర్ 33 వస్తుందని గుర్తుంచుకోవాలి. మూడు నాలుగు స్థానాలు ఉంచితే ఆ ఇబ్బంది రాదు.

పోస్ట్‌ప్రాసెసరు (టూల్‌పాత్‌ను జీకోడ్ ఫైలుగా రాసే భాగం) తన అలవాటు కొద్దీ ఫైలు మొదట్లో ఎం3, అంటే స్పిండిల్‌ను తిప్పే ఆదేశం, రాసేస్తుంది. డ్రాగ్ నైఫు కోలెట్‌లో ఉండగా స్పిండిల్ తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఆ వరుసను పోస్ట్‌ప్రాసెసరు నుంచే తీసేయించండి, పైగా నైఫు బిగించే ముందు వీఎఫ్‌డీకి (స్పిండిల్ మోటారును నడిపే పెట్టెకు) కరెంటు ఆపే అలవాటు చేసుకోండి. రౌటింగులో లాగా టూలు వ్యాసార్ధపు సవరణ కూడా ఇక్కడ ఉండకూడదు. కత్తి కోతకు చెప్పుకోదగిన వెడల్పు ఉండదు కనుక, గీత బయట, గీత లోపల అన్న ఎంపికలు వదిలి గీత మీదనే అన్నదాన్ని ఎంచుకోవాలి. ఎంత తక్కువ వ్యాసం ఇచ్చినా ఆ మేరకు అక్షరం లావెక్కడమో సన్నబడడమో జరుగుతుంది.

ఇక మన లిపుల సంగతి. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు వాడుతుంటే, అక్షరం తెర మీద ఒకటిగా కనిపించినా అవుట్‌లైన్‌గా మార్చగానే తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్కగా విడివడి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ప్రింటులో అది తెలియదు. కత్తికి మాత్రం ప్రతి గీతా గీతే కనుక అక్షరం మధ్యలోంచి అడ్డంగా కోసుకుపోతుంది. కోరల్‌డ్రాలో వెల్డ్ చేశాక (ఎక్కి ఉన్న ముక్కలను ఒకే ఆకారంగా కలిపాక), ఇంక్‌స్కేప్‌లో అయితే యూనియన్ చేశాక మాత్రమే క్యామ్‌లోకి తీసుకెళ్లండి. వెల్డ్ చేసినప్పుడు ఠ, థ, ధ లోపలి చుక్కలూ ఖాళీలూ మూసుకుపోలేదు కదా అని ఒకసారి పెద్దదిగా చేసి చూసుకోవాలి. లోపలి చుట్లను ముందు, బయటి గీతను చివర కోసే వరుస పెట్టాలి, లేకపోతే బయటి గీత తెగగానే ముక్క కదిలి లోపలి సున్న పక్కకు పోతుంది.

రాయగడ వారి మూల సూత్రాన్ని వక్రాలకు గుడ్డిగా వర్తింపజేయవద్దని కూడా చెప్పాలి. చాలా క్యామ్ సాఫ్ట్‌వేర్లు అక్షరపు వక్రాన్ని 0.1 మి.మీ. చిన్న గీతలుగా ముక్కలు చేసి ఇస్తాయి. ప్రతి ముక్క చివరా ఒక ఆర్క్ పెడితే, ఆ ఆర్క్ గీతకు లంబంగా ఉంటుంది కాబట్టి, మధ్యరేఖ దారి మెట్లు మెట్లుగా తయారై యంత్రం గజగజలాడుతుంది. కొన్ని డిగ్రీలలోపు మలుపుల దగ్గర ఆర్క్ మానేసి, ప్రతి బిందువును దాని దిశలో ఆఫ్‌సెట్ అంత ముందుకు జరిపి, జరిపిన బిందువులను నేరుగా కలిపితే నున్నని దారి వస్తుంది. వారు చెప్పిన వర్గమూలం వృత్తానికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. 15 లేదా 20 డిగ్రీలు దాటిన మలుపును మాత్రం మూలగా లెక్కించాలి. ఈ హద్దును మీ ఫాంటును బట్టి మీరే కుదుర్చుకోవలసి ఉంటుంది.

సాఫ్ట్‌వేరు కొనాలా అని అడిగారు. వెక్ట్రిక్ వారి వీకార్వ్ ప్రో, ఆస్పైర్‌లు వాడేవారికి డ్రాగ్ నైఫ్ గ్యాడ్జెట్ దొరుకుతుంది, ఆఫ్‌సెట్, మలుపు కోణపు హద్దు, మూల దగ్గర కత్తి ఎత్తు వంటివి అందులో ఇవ్వవచ్చు. అవి లేనివారు పైథాన్ తెలిసిన పిల్లవాడి చేత జీకోడ్‌ను చదివి సవరించే చిన్న ప్రోగ్రాము రాయించుకోవచ్చు, పై లెక్క తప్ప అందులో వేరే రహస్యం లేదు. నా మటుకు నేను రెండవదే మేలంటాను, ఎందుకంటే కోత చెడినప్పుడు ఏ వరుస వల్ల చెడిందో చూసుకునే వీలుంటుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎదురెదురు గీతల పద్ధతిలో కొలిస్తే మా ఆఫ్‌సెట్ 3 కాదు, 2.8 మి.మీ. అని తేలింది. ఆ అంకెతో ఆర్కులు పెట్టి, మాక్3లో కోణపు అమరిక మార్చాక, స్టెన్సిల్ షీటు మీద ఇంగ్లీషు అక్షరాల మూలలు సూటిగా వచ్చాయి. సున్నలు కూడా కొలతకు వచ్చాయి. అయితే 3 మి.మీ. సన్‌బోర్డు మీద మాత్రం మూల దగ్గర కత్తి తిరిగేటప్పుడు లోపలి ఫోమ్ చిరిగి, పైకాగితం లేస్తోంది. ఒకే దెబ్బకు పూర్తి లోతు కోస్తున్నాము. చిన్న అక్షరాల్లో, మూడంగుళాల లోపు తెలుగు అక్షరాల ఒత్తుల్లో, చుట్టు పైన గుండ్రంగా, అడుగున మరోలా వస్తోంది. మా బ్లేడు 45 డిగ్రీలది. ఇది కూడా టూల్‌పాత్‌తో సరిచేయగలిగేదేనా?

జవాబు (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా నుంచి)

బల్లార్‌పూర్ నుంచి నమస్కారం. మేము ఇక్కడ మరాఠీ, హిందీ, తెలుగు బోర్డులు చేస్తాము, సన్‌బోర్డుతో ఎక్కువ కాలం కుస్తీ పట్టాము గనుక చెబుతున్నాను. మీ రెండు ఇబ్బందుల్లో మొదటిది టూల్‌పాత్‌తో పోతుంది. రెండవది సగం మాత్రమే పోతుంది, మిగతా సగం బ్లేడు ఆకారానిది.

స్టికరు లాంటి పలుచని సరుకులో బ్లేడు మొన తప్ప మరేమీ దిగదు. 3 మి.మీ. సన్‌బోర్డులో బ్లేడు 3 మి.మీ. లోతుకు దిగినప్పుడు, 45 డిగ్రీల వాలు వల్ల షీటు పైతలం దగ్గర బ్లేడు వెడల్పు కూడా దాదాపు 3 మి.మీ. ఉంటుంది. అంత వెడల్పు రేకును ఫోమ్‌లో పాతిపెట్టి మూల దగ్గర మొన చుట్టూ తిప్పితే, అది కోయదు, పక్కకు తోస్తుంది. చిరగడానికి కారణం అదే. అందుకని మూల వచ్చినప్పుడు మధ్యరేఖ ఆఫ్‌సెట్ దూరం ముందుకు పోయాక, ఆర్క్ మొదలుపెట్టే ముందు జెడ్‌ను (కత్తి ఎత్తును మార్చే అక్షాన్ని) పైకెత్తి, మొన మాత్రం 0.3 మి.మీ. వరకు షీటులో మిగిలేలా ఉంచి, అప్పుడు ఆర్క్ తిప్పి, మళ్లీ పూర్తి లోతుకు దింపి సాగాలి. పూర్తిగా బయటకు ఎత్తేస్తే బ్లేడును తిప్పే పట్టు ఉండదు, అది పాత దిశలోనే ఉండిపోతుంది. మీ షీటు మీద ఎంత మిగిలిస్తే చిరగకుండా తిరుగుతుందో తుక్కు ముక్క మీద చూసుకోండి. ఆర్క్‌కు వేగం కూడా వేరుగా, తిన్నని గీతల వేగంలో మూడోవంతుకో అంతకు తక్కువకో ఇవ్వండి.

ఒకే దెబ్బకు కోయడం మానండి. మొదటి దెబ్బ పైకాగితాన్ని తెంపేంత వరకు, రెండవది ఫోమ్ మధ్యకు, చివరిది అడుగు కాగితాన్ని దాటి కింది పలకలోకి 0.1 లేదా 0.2 మి.మీ. దిగేలా పెడితే, ప్రతిసారీ బ్లేడు ముందు తెగిన దారిలోనే నడుస్తుంది, తోపు తగ్గుతుంది. ఇక్కడే కింది పలక సమతలం ముఖ్యమవుతుంది. రౌటరు జెడ్ స్థిరంగా ఉంటుంది కనుక, పలక ఒకచోట అర మి.మీ. కిందికి ఉంటే అక్కడ అడుగు కాగితం తెగదు. పలకను ముందు పెద్ద బిట్టుతో చదును చేయించుకోవాలి, లేదా స్ప్రింగు ఉన్న నైఫు హోల్డరు తీసుకోవాలి. స్ప్రింగు హోల్డరుతో పైపైన కోసే పని హాయిగా సాగుతుంది గానీ, సన్‌బోర్డులో అది లోతును తనకు తోచినట్టు మార్చుకుంటుంది. కాబట్టి నేను దాన్ని స్టికర్లకే ఉంచుతాను.

ఇక చిన్న చుట్ల విషయం. పైతలం దగ్గర 3 మి.మీ. వెడల్పున్న బ్లేడు 4 మి.మీ. వ్యాసార్ధపు చుట్టులో తిరుగుతుంటే, మొన దారి మీద ఉన్నా బ్లేడు ముందు అంచు చుట్టు బయటికి పొడుచుకొస్తుంది. మీ చుట్టు పైన ఒక కొలత, అడుగున ఒక కొలత రావడం అందుకే. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ తీసేయలేదు. 60 డిగ్రీల బ్లేడు వేస్తే అదే లోతుకు వెడల్పు సుమారు 1.7 మి.మీ.కి తగ్గుతుంది, తేడా కంటికి కనిపిస్తుంది. మొన మాత్రం త్వరగా విరుగుతుంది, వేగం తగ్గించాలి. నేను పాటించే లెక్క ఏమిటంటే, అక్షరంలోని అతి చిన్న చుట్టు వ్యాసార్ధం, పైతలం దగ్గరి బ్లేడు వెడల్పుకు కనీసం రెండున్నర రెట్లు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే ఆ అక్షరాన్ని నేను సన్‌బోర్డులో కోయను, స్టికరులో కోసి అంటిస్తాను. ఇది పుస్తకంలోది కాదు, నా బల్ల మీద తేలినది. మీ షీటు గట్టిదనాన్ని బట్టి అటూ ఇటూ కావచ్చు.

ఒక అక్షరంలో అన్నిటికన్నా చిన్న చుట్టు ఎక్కడుందో వెతకడంలో మన లిపికీ మరాఠీకీ తేడా ఉంది. దేవనాగరిలో తలగీత, నిలువు గీతల వల్ల మూలలు ఎక్కువ, చిన్న చుట్లు తక్కువ. అక్కడ కత్తి ఎత్తి తిప్పడం మీదనే సమయమంతా పోతుంది, పైగా శ్రీలిపి ఫాంట్లలో ఒక్కో అక్షరపు తలగీత పక్క అక్షరం మీదకు ఎక్కి ఉంటుంది కనుక వెల్డ్ చేయకపోతే తలగీతను ముక్కలు ముక్కలుగా నరుకుతుంది. తెలుగులో అసలు అక్షరం కన్నా దాని కింది ఒత్తు సగం కొలతలో ఉంటుంది, ఆ ఒత్తులోని చుట్టు ఇంకా చిన్నది. బోర్డు కొలత చెప్పేటప్పుడు నేను పెద్ద అక్షరం ఎత్తును కాక, ఒత్తులోని చుట్టు వ్యాసార్ధాన్ని చూసి చెబుతాను. పెద్ద చుట్లున్న ఫాంటును ఎంచుకోమని కొనుగోలుదారుణ్ని ఒప్పించగలిగితే సగం తలనొప్పి తగ్గుతుంది, వారు పెళ్లి శుభలేఖ ఫాంటే కావాలంటారనుకోండి.

చుట్టు మొదలూ చివరా కలవకపోవడం గురించి ఎవరూ ప్రత్యేకంగా రాయలేదు. మూసిన గీత చివర మధ్యరేఖ ఆఫ్‌సెట్ దూరం దాటాకనే మొన ఆరంభ బిందువుకు చేరుతుంది. ఆ పైన ఇంకో అర మి.మీ. నుంచి 1 మి.మీ. వరకు ఓవర్‌కట్ ఇస్తే అడుగు కాగితం పూర్తిగా తెగుతుంది. ఆరంభ బిందువును ఎప్పుడూ మూల మీద పెట్టవద్దు. తిన్నని గీత ఉంటే దాని మధ్యలో, లేకపోతే అక్షరంలోని అతి పెద్ద వంపు మీద పెట్టండి. మీరు సన్‌ప్యాక్ షీటు కూడా కోస్తారేమో తెలియదు, కోసేట్టయితే దాని లోపలి గొట్టాల దిశకు సమాంతరంగా పడే గీతలను నెమ్మదిగా నడపండి, కత్తి గొట్టంలోకి జారి దాని వెంటే పోతుంది.

జవాబు (రాయగడ నుంచి)

బల్లార్‌పూర్ వారి జెడ్ సలహాకు ఒక చేర్పు. మీ 2.8 మి.మీ. కొలత తక్కువ లోతులో తీసినది. ఆర్క్ తిరిగేటప్పుడు మొన మాత్రమే షీటులో ఉంటుంది కనుక అక్కడ ఆ అంకే సరైనది, కాబట్టి లోతు పెరిగిందని ఆఫ్‌సెట్ మార్చవద్దు. పర్లాకిమిడి వారు చెప్పిన ప్రోగ్రాము రాయించుకుంటే, జెడ్ ఎత్తడం ప్రతి మూలకూ కాకుండా హద్దు కోణం దాటిన మలుపులకే వచ్చేలానూ, కుడి ఎడమలు తేల్చడానికి రెండు దిశల క్రాస్ ప్రొడక్ట్ గుర్తును వాడేలానూ చెప్పండి. అది ధనమైతే జీ3, రుణమైతే జీ2. ఫైలును షీటు మీద నడిపే ముందు కోలెట్‌లో డ్రాగ్ నైఫు తీసి స్కెచ్ పెన్ను పెట్టి కాగితం మీద ఒకసారి నడిపించండి. పెన్ను మధ్యరేఖ దారిని గీస్తుంది. బయటి మూలల దగ్గర ఆ దారి మూలను దాటి బయటికి పొడుచుకొచ్చి, చిన్న ఆర్క్ చుట్టి, కొత్త గీతను అందుకుంటూ కనిపిస్తే ఫైలు సరిగా ఉన్నట్టే. మూలలు సూటిగా, అసలు అక్షరంలా అందంగా కనిపిస్తే సవరణ పడలేదని అర్థం.